భూతద్దంగారి పాల పట్టీ

భూతద్దంగారికి అసలు పేరు ఒకటుంది. ఉద్యోగపు గుర్తింపు కార్డు మీద తప్ప అది మరెక్కడా వాడుకలో లేదు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరాయన. కండక్టర్లు కడుపు మండి పెట్టిన ఆ పేరు డిపోలో పాకి, వీధిలోకి వచ్చి, చివరికి సొంత అత్తగారి నోట్లో స్థిరపడింది. ఆవిడ ఎదురుగా ఉంటే "అల్లుడుగారూ" అంటుంది. ఆయన అటు తిరగ్గానే కూతురితో "మీ భూతద్దం" అంటుంది.

ఆయన పనితనం మామూలుది కాదు. ఇన్‌స్పెక్టరు స్టాపులో నిలబడితే డ్రైవరు అల్లంత దూరం నుంచే పసిగట్టి కండక్టరుకి చెప్పేస్తాడు. అందుకని ఈయన స్టాపు కంటే ముందే, మలుపు దగ్గర ఏ గోడ చాటునో నిలబడి, బస్సు నెమ్మదించగానే చెయ్యి అడ్డం పెట్టేవారు. ఎక్కగానే టికెట్లు అడిగేవారు కారు. ముందు కండక్టరు చేతిలోని వేబిల్లు లాక్కునేవారు. ఏ స్టేజీకి ఎన్ని టికెట్లు తెగాయో కండక్టరు ఎప్పటికప్పుడు రాసుకోవాల్సిన కాగితమది. అంకెలు తర్వాత, ముందు రాత చూసేవారు. కదిలే బస్సులో నిలబడి రాసిన అంకె వంకరపోతుంది. ఆగిన బస్సులో తీరిగ్గా కూర్చుని రాసింది ముత్యంలా ఉంటుంది. ముత్యాల్లాంటి అంకెలు వరసగా కనిపించాయంటే ఇక ఆ కండక్టరు పని అయిపోయినట్టే. "ఇదంతా ఒక్క చోట కూర్చుని ఒకేసారి రాశావు కదూ?" అనేవారు. వాడు నీళ్లు నమిలేవాడు.

పుట్టుకతో వచ్చిన అనుమానం కాదండీ అది. కండక్టరుగా చేరిన మొదటి ఏడాది, బళ్లో పక్కన కూర్చున్న చిన్ననాటి స్నేహితుడొకడు బస్సెక్కి "పాస్ ఉందిరా" అంటే నమ్మి వదిలేశారు. పది నిమిషాల్లో చెకింగ్ వచ్చింది. వాడికి పాసూ లేదు, సిగ్గూ లేదు. ఈయనకి నెల రోజులు సస్పెన్షన్. ఆ నెలంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుని, ఇక దేవుడు దిగొచ్చి చెప్పినా కాగితం చూడందే నమ్మనని ఒట్టు పెట్టుకున్నారు. పందొమ్మిదేళ్లయింది, ఒట్టు చెక్కు చెదరలేదు. భార్య బజారుకి వెళ్లొస్తే, వెళ్లిన టికెట్టూ వచ్చిన టికెట్టూ బల్ల మీద పెట్టాల్సిందే. ఆవిడ మొదట్లో నవ్వేది, తర్వాత కసురుకునేది, ఆ తర్వాత నోరు మూసుకుని టికెట్లు పెట్టేది.

అలాంటి మనిషికి పెళ్లయిన పదకొండేళ్లకు పాప పుట్టింది. ఆసుపత్రి వరండాలో పాపని ఆయన చేతుల్లో పెట్టారు. అంత సంతోషంలోనూ ముందు పాప కాలి బ్యాండు మీద నంబరు, భార్య చేతి బ్యాండు మీద నంబరు సరిపోల్చుకుని, ఆ తర్వాతే భోరున ఏడ్చారు.

ఆరో రోజున ఇంటికి తీసుకొచ్చారు. ఆ సాయంత్రమే ఆయన పొడుగాటి తెల్ల కాగితం తీసి, స్కేలు పెట్టి గళ్లు గీశారు. పాలు మొదలెట్టిన టైము, ఆపిన టైము, నిద్రపోయిన టైము, లేచిన టైము, గుడ్డ మార్చిన టైము. పైన 'పాల పట్టీ, మూడు గంటలకొకసారి' అని శీర్షిక, అడుగున తన సంతకానికి చోటు. మంచానికి ఎదురుగా గోడకి పెద్ద గడియారం తగిలించి, పొద్దున్నే డిపో టైముతో సరిచూసుకునే తన చేతి గడియారంతో దాన్ని కలిపారు.

"మూడు గంటలకొకసారి పాలు. పావుగంట. అంతే" అన్నారు.

"మధ్యలో ఏడిస్తేనండీ?" అంది భార్య.

"మధ్యలో స్టాపు లేదు. మొదట్లోనే లొంగామా, ఇక జీవితాంతం మన నెత్తినెక్కి కూర్చుంటుంది. పద్ధతి అలవాటు చెయ్యాలి."

అత్తగారు ముప్పయ్యేళ్లు ఒక బడి హాస్టల్లో పిల్లలకి వండిపెట్టిన మనిషి. "పావుగంటలో నోరు తడుస్తుందేమో గాని, కడుపు నిండుతుందా అల్లుడుగారూ? ఇది గుక్కెడు తాగి కునుకు తీసి, మళ్లీ గుక్కెడు తాగే రకం" అంది.

"మీకు తెలీదండీ అత్తయ్యగారూ. ఇవన్నీ నేను కనుక్కున్నాను" అన్నారాయన. ఎవర్ని కనుక్కున్నారో మాత్రం చెప్పలేదు. డిపోలో టైమ్ కీపర్ని కనుక్కున్నారు. అతనికి పెళ్లే కాలేదు.

ఆ తర్వాతి పది రోజులూ ఇల్లు ఏడుపుతో మోగిపోయింది. ఆయనకి మనసు లేదనుకునేరు. పాప గుక్కపట్టినప్పుడల్లా వరండాలోకి పోయి, రెండు చెవులూ మూసుకుని, కళ్లు మాత్రం గడియారం మీద ఉంచి నిలబడేవారు. కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇంత కష్టపడుతున్నాను, ఇదంతా ఎవరి కోసం అనుకునేవారు. టైము కాగానే "ఆ! ఇప్పుడు పట్టు" అని కేక వేసేవారు. రోజూ పడుకోబోయే ముందు పట్టీ చూసి సంతకం పెట్టేవారు. అంకెలు వంకర టింకరగా, గళ్లు దాటిపోయి ఉండేవి. భార్య ఒళ్లో బిడ్డతో రాసినవని చూడగానే తెలిసేది, నిజాయితీగా రాస్తోందని లోలోపల ముచ్చటపడేవారు. అక్కడక్కడ సిరా అలుక్కుపోయి మరకలు ఉండేవి. "కాగితం తడపకు, రికార్డు పాడవుతుంది" అని మాత్రం అన్నారు.

పదహారో రోజున దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో తూకం వేయించారు. పుట్టినప్పుడు పాప రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. ఇప్పుడు రెండు కిలోల ఆరు వందల యాభై.

నర్సమ్మ ముఖం చిట్లించింది. "ఈపాటికి పుట్టిన బరువుకి వచ్చేయాలండీ. రోజుకి ఎన్నిసార్లు పడుతున్నారమ్మా పాలు?"

భార్య నోరు తెరిచేలోపు ఆయన అందుకున్నారు. "ఎనిమిది సార్లండీ. రికార్డు ఉంది."

బయట బల్లల మీద ఇంకా ఇరవై మంది తల్లులు ఎదురుచూస్తున్నారు. "ఎనిమిదంటే పర్లేదే మరి" అని నర్సమ్మ గొణుక్కుంది. "ఒక్క వారం చూద్దాం. ఈ అంకె పైకి రాకపోతే ఆసుపత్రిలో చేర్చేయాలి. రక్త పరీక్షలు, సూదులు... మళ్లీ వాళ్లు ఎప్పుడు పంపిస్తే అప్పుడే."

గుప్పెడంత పిల్లకి సూదులనేసరికి భూతద్దంగారి గుండె గుభేలుమంది. ఇంటికి రాగానే ఎర్ర పెన్ను తీసి, పట్టీ మీద 'మూడు గంటలకొకసారి' కింద రెండు గీతలు గీశారు.

విచిత్రమేమిటంటే, ఆ మర్నాటి నుంచే ఇల్లు చల్లబడిపోయింది. ఏడుపు లేదు. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి పాప బొజ్జ ఎగరేసుకుంటూ నిద్ర. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఎప్పుడైనా కాస్త కదిలితే, అత్తగారు "గుడ్డ మార్చాలి" అంటూ లోపలి గదిలోకి ఎత్తుకుపోవడం, భార్య వెనకాలే వెళ్లడం, తలుపు దగ్గరగా వేసుకోవడం. పది నిమిషాలని వెళ్లిన వాళ్లు ముప్పావుగంటకి వచ్చేవారు. గుడ్డ మార్చడానికి ముప్పావుగంటా!

వేరే తండ్రయితే హమ్మయ్య అనుకునేవాడు. ఈయనకి ఒళ్లు జలదరించింది. గోల గోలగా ఉండే బస్సు ఉన్నట్టుండి నిశ్శబ్దమైందంటే లోపల ఏదో జరుగుతోందని ఆయన అనుభవం. పదిరోజులు ఏడ్చిన పిల్ల ఒక్కరోజులో ఎలా మారుతుంది? ఏదో పోస్తున్నారు. ఏ నిద్రమందో పోస్తున్నారు.

ఇక చూడండి ఆయన అవస్థ. పాప మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు. చెత్తబుట్ట బోర్లించి ఏమైనా ఖాళీ సీసాలున్నాయేమోనని వెతికారు. నర్సమ్మ ఇచ్చిన విటమిన్ చుక్కల సీసా మీద మందు ఎంతవరకు ఉందో పెన్సిలుతో గీత గీశారు. మర్నాడు అత్తగారు ఆ సీసాని వెలుతురుకి పట్టుకుని, "ఇదేంటే, సీసాకి నామం పెట్టారెవరో! పాపాయే పెట్టిందా?" అంది. ఆయన పేపరు వెనక తల దాచుకున్నారు.

అన్నిటికంటే ఆయన్ని పట్టి పీడించింది పట్టీ. అంకెలు గళ్లలో కుదురుగా కూర్చున్నాయి. ఆరు నుంచి ఆరుంబావు, తొమ్మిది నుంచి తొమ్మిదింబావు, పన్నెండు నుంచి పన్నెండుంబావు. అన్నీ ముత్యాలే. ఒక్క మరక లేదు.

"అన్నీ ఒకే సిరాతో ఉన్నాయేంటి? ఇదివరకు చేతికి దొరికిన పెన్నుతో రాసేదానివి" అన్నారు భార్యతో, మామూలుగా అన్నట్టు.

"ఇంట్లో ఉన్నది ఒక్క పెన్నే కదండీ" అందామె, ఆయన కళ్లలోకి చూడకుండా.

మర్నాటి పట్టీలో మూడు రంగుల సిరాలున్నాయి. నీలం, నలుపు, ఆకుపచ్చ. అది చూడగానే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ల తనిఖీల్లో ఎంతోమంది కండక్టర్లు ఆయన చెవిలో పువ్వులు పెట్టాలని చూశారు గాని, ఇంత తెలివిగా ఎవరూ చేయలేదు. అయినా పైకి ఏమీ అనలేదు. సంతకం పెట్టారు. దొంగకి ధైర్యం వచ్చేదాకా ఊరుకోవడం ఆయన పద్ధతి.

మళ్లీ తూకానికి ఇంకొక్క రోజు ఉందనగా, ఇంటి మీదుగా పోయే రూటు డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నారు. ఇంటి స్టాపులో దిగలేదు. ముందు స్టాపులోనే దిగి, వెనక సందులోంచి నడుచుకుంటూ వచ్చి, మెట్ల కింద చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నారు. పిల్లిలా మెట్లెక్కారు. టైము పదకొండూ ఇరవై. పట్టీ ప్రకారం పాప నిద్రలో ఉండాలి.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"పొద్దున్న ఆరుకి నల్లది వేశాను. తొమ్మిదికి నీలం. పన్నెండుకి ఆకుపచ్చ వెయ్యనా?"

"ఇంకా పన్నెండు కాలేదు కదమ్మా" అంది భార్య.

"అయ్యేదాకా కూర్చుంటానా? పొయ్యి మీద కూర ఉంది. సాయంత్రం ఆరు దాకా రాసి పారేస్తాను."

భూతద్దంగారు తలుపు తోశారు. నోట్లోంచి అలవాటైన మాటే వచ్చింది. "ఎక్కడివాళ్లక్కడే ఉండండి! ఎవరూ దిగొద్దు!"

భార్య మంచం మీద పాపకి పాలిస్తోంది. అత్తగారు కింద కూర్చుని, ఒళ్లో పట్టీ, చేతిలో ఆకుపచ్చ పెన్ను, చెవి సందున నల్ల పెన్ను పెట్టుకుని ఉంది. దిగడానికి అక్కడ బస్సేమీ లేదు గాని, ఇద్దరూ నిజంగానే కదల్లేదు. పాప మాత్రం ఇవేమీ పట్టించుకోకుండా గుటకలు వేస్తోంది.

ఆయన పట్టీ లాక్కున్నారు. "దొంగ పట్టీ! నా ఇంట్లో దొంగ పట్టీ! ఏం పోస్తున్నారు దానికి? నిజం చెప్పండి. ఏం పోసి నిద్రపుచ్చుతున్నారు?"

"పాలు పోస్తున్నాం" అంది అత్తగారు. "కడుపు నిండితే నిద్రపోతుంది. మీరు నిద్రపోరా?"

"ఎన్నిసార్లు?"

"అడిగినప్పుడల్లా."

"అదే, ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు బాబూ. పిల్లకి పాలిస్తున్నామా, టికెట్లు కొడుతున్నామా?"

లెక్కపెట్టలేదు అన్న మాట ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. "అంటే రేపు నర్సమ్మకి ఏం చూపించాలి? ఎంత తాగిందో తెలీదు, ఎప్పుడు తాగిందో తెలీదు. ఇందాకటిదాకా నాకు అబద్ధాలు చూపించారు. ఈ మాట మాత్రం నిజమని ఎలా నమ్మను? నీకు నేను ఏం తక్కువ చేశానని నాతో దొంగాట ఆడావు?" చివరి మాట భార్యతో అన్నారు.

ఆమె పాపని భుజాన వేసుకుని వీపు నిమిరింది. పాప తేన్చాక తన తల్లి చేతికిచ్చి, అలమర తెరిచి పాత కాగితాలు తీసింది. అవి మొదటి పది రోజుల పట్టీలు.

"ఇవి దొంగవి కావు. అన్నీ నిజమే రాశాను" అంది. "ఈ మరకలు చూశారు కదా రోజూ. కాగితం తడపకు అన్నారు. నీళ్లనుకున్నారా?"

ఆయన పై కాగితం అందుకుని కళ్ల దగ్గర పెట్టుకున్నారు.

"నీళ్లు కావండీ, పాలు. అది ఆకలికి ఏడుస్తుంటే నాకు పాలు వాటంతటవే కారిపోయేవి. గడియారంలో చూస్తే ఇంకా గంటన్నర ఉండేది. ఒళ్లో అది, పక్కన మీ పట్టీ. దాని నోట్లోకి పోవాల్సినవి మీ కాగితం మీద పడ్డాయి. నిజం రాసిన పది రోజులూ నా బిడ్డ చిక్కిపోయింది. కింద మీరు సంతకం పెట్టారు, చూసుకోండి."

ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే ఆయన ఎదురు అరిచేవారే. ఆయన ఒక్కొక్క కాగితం తిరగేశారు. ప్రతి మరకా ఆయనకి గుర్తుంది. ఏ రోజుది ఎంత పెద్దదో కూడా గుర్తుంది. ఎందుకు పడిందని ఒక్కరోజు కూడా అడగలేదు.

"ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా" అన్నారు చివరికి.

"చెబితే నమ్మేవారా?" అంది భార్య. "నర్సమ్మ దగ్గర నోరు తెరిస్తేనే మాట్లాడనివ్వలేదు. సూదులంటే నాకూ భయమే. కానీ మీకు చెప్పాలంటే అంతకంటే భయమేసింది. అందుకే ఆ రోజే ఇద్దరం అనుకున్నాం, పాప దారి పాపది, పట్టీ దారి పట్టీది అని."

అప్పటికైనా ఆయన కరిగిపోయారనుకుంటున్నారా? లోపల ఏదో కలుక్కుమంది, నిజమే. కానీ పందొమ్మిదేళ్ల పురుగు ఒక్క పూటలో చస్తుందా? వెళ్తూ వెళ్తూ మళ్లీ పాప మూతి వాసన చూశారు. పాల వాసన తప్ప ఏమీ రాలేదు. "రేపు తూకంలో తేలుతుంది" అని చెప్పులు చంకలో పెట్టుకునే మెట్లు దిగిపోయారు. వీధిలోకి వెళ్లాక గాని కాళ్లకి చెప్పులు లేవని తెలియలేదు.

మర్నాడు ముగ్గురూ పాపతో వెళ్లారు. పాపని పళ్లెంలో పెట్టబోతుంటే ఆయన అడ్డం పడ్డారు. "ముందు ఖాళీ తూకం చూపించండి."

నర్సమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, ఖాళీ పళ్లెం చూపించింది. సున్నా. పాపని పెట్టింది. రెండు కిలోల తొమ్మిది వందల అరవై. "తీసి మళ్లీ పెట్టండి" అన్నారు. మళ్లీ అదే వచ్చింది. వారంలో మూడు వందల పది గ్రాములు. భూతద్దంగారు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇక సూదులు లేవు, చేర్చడాలు లేవు.

"ఇదిగో, ఇలా ఉండాలి!" నర్సమ్మ ముఖం విప్పారింది. "ఏదో రికార్డు ఉందన్నారు కదా, తెచ్చారా?"

అలవాటు కొద్దీ ఆయన సంచిలో అన్ని పట్టీలూ ఉన్నాయి. పైనున్నది మూడు రంగుల పట్టీ. నర్సమ్మ దాన్ని లాక్కుని మురిసిపోయింది. "అబ్బ, ఎంత పద్ధతిగా ఉందో! టైముకి టైము. బరువు ఊరికే పెరుగుతుందా మరి! ఇది ఇక్కడ గోడకి అంటిస్తానండీ. వచ్చే తల్లులందరూ చూసి ఇలాగే చేస్తారు."

అత్తగారు చటుక్కున సీలింగు ఫ్యాను కేసి చూడటం మొదలెట్టింది. భార్య ముఖం పాలిపోయింది. భూతద్దంగారు ఒక్క మాట మాట్లాడకపోయినా సరిపోయేది. ఆయన చేతి గీతలు, ఆయన సంతకం, ఆయన పద్ధతి గోడెక్కి కూర్చునేవి. తలుపు అవతల బల్ల మీద ఒక చిన్నపిల్లలాంటి తల్లి, గుక్కపట్టిన బిడ్డని ఊపుతూ, గోడ గడియారం కేసి చూస్తోంది.

"అంటించకండి" అన్నారాయన. "అది దొంగ పట్టీ."

"దొంగదా? ఎవరు రాశారు?"

ఎన్ని వందల బస్సుల్లో ఎన్ని వందల సార్లు తను అడిగిన ప్రశ్న అది! జవాబు చెప్పడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. "రాయించింది నేనేనండీ" అన్నారు. అడుగునున్న మరకల కాగితాలు తీసి బల్ల మీద పరిచారు. "నిజంగా రాసినవి ఇవి. ఇలా చేసినన్నాళ్లూ పాప తగ్గింది. వీళ్లిద్దరూ నాకు తెలియకుండా అడిగినప్పుడల్లా పట్టి బతికించుకున్నారు. మీరు ఆరోజు ఈవిణ్ణి అడిగితే జవాబు నేను చెప్పాను. అదే తప్పు."

నర్సమ్మ మరకల మీద వేలు పెట్టి, భార్య ముఖంలోకి చూసింది. విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. "నేనూ ఇంకో రెండు ముక్కలు అడగాల్సింది" అంది. "అడిగినప్పుడల్లా పట్టమ్మా. తనంతట తను వదిలేదాకా పట్టు. మరీ ఎక్కువసేపు లేవకపోతే లేపి పట్టు. అంతే." మూడు రంగుల పట్టీని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతికే ఇచ్చేసింది.

తిరుగు ప్రయాణంలో బస్సెక్కారు. ఆయన్ని చూడగానే కండక్టరు కర్రలా బిగుసుకుపోయి, గబగబా వేబిల్లు తీసి ముందుకి చాపాడు.

"డ్యూటీలో లేనయ్యా. మూడు టికెట్లివ్వు" అన్నారు.

కండక్టరు నమ్మలేదు. టికెట్లిచ్చాక కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

రెండు స్టాపులు దాటాక పాప కదిలింది. పెదవులు చప్పరించింది, ముఖం ఎర్రబడింది, మెల్లగా ఏడుపు అందుకుంది. భార్య పాప ముఖంలోకి చూడలేదు. ముందు ఆయన చేతి గడియారం కేసి చూసింది.

ఆ చూపు ఆయనకి గుండెల్లో దిగబడింది. తనని తిట్టినా అంత నొప్పి కలిగేది కాదు. గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకున్నారు. సీటు అంచుకి జరిగి, దారిలో నిలబడ్డ వాళ్లకి తన వీపు అడ్డం పెట్టారు.

"ఏడుస్తోంది కదా. ఇవ్వు" అన్నారు.

ఆమె ఆయన కళ్లలోకి అనుమానంగా చూసింది. ఇది కూడా ఏదో చెకింగేమో అనుకున్నట్టుంది.

"పట్టవే తల్లీ, చూస్తావేంటి?" అంది వెనక సీట్లోంచి అత్తగారు.

ఆమె కొంగు సర్దుకుని పాపని దగ్గరికి తీసుకుంది. ఏడుపు ఆగింది. పాప గుటకలు వేస్తుంటే, ఆమె ఇంకొకసారి, ఆయన చూడటం లేదనుకుని, గడియారం లేని ఆ మణికట్టు కేసి చూసింది.